తెలుగు క్రైస్తవ సమాజంలో కృతజ్ఞతాచరణ: పిడికెడు బియ్యం నుండి కోతపండుగ దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కృతజ్ఞత వ్యక్తి మనసులో పుట్టే సద్భావం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి, దేనికి, ఏ రూపంలో కృతజ్ఞులై ఉండాలన్నది సమాజం నిర్ణయిస్తుంది. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుండి తెలుగు పల్లెల్లో క్రైస్తవాన్ని స్వీకరించిన మాల, మాదిగ కుటుంబాల నిత్యజీవితంలో స్థిరపడిన కృతజ్ఞతాచరణలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భోజన ప్రార్థన, పిడికెడు బియ్యం, కోతపండుగ, కృతజ్ఞతా కూటం అనే నాలుగు ఆచారాల ద్వారా, భూస్వామి పట్ల చూపవలసిన విశ్వాసంగా ఉన్న కృతజ్ఞత దేవునికి స్వేచ్ఛగా చెల్లించే అర్పణగా ఎలా మారిందో, ఆ మార్పునకు ఏ పరిమితులు ఏర్పడ్డాయో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కృతజ్ఞత, ఋణం, పిడికెడు బియ్యం, కోతపండుగ, ఒంగోలు, దోర్నకల్, అజరయ్య, తెలుగు క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ చరిత్రను గూర్చిన రచనలు ఎక్కువగా మిషనరీల రాక, సామూహిక మతాంతరీకరణలు, విద్యాలయాలు, వైద్యశాలలు, బైబిలు అనువాదాలు అనే అంశాల చుట్టూ సాగాయి. క్రైస్తవులైన కుటుంబాలు ఇంట్లో, పొలంలో, వంటపొయ్యి దగ్గర ఏమి చేశాయన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. మతాంతరీకరణ ఒక రోజులో జరిగే సంస్కారం. మతజీవనం మాత్రం రోజూ చేసే చిన్న పనుల కూర్పు. అలాంటి చిన్న పనులలో తెలుగు క్రైస్తవులు తరచుగా చేసేది కృతజ్ఞత చెల్లించడం.

"చెల్లించడం" అన్న క్రియ ఇక్కడ గమనార్హం. తెలుగు సంఘాలలో కృతజ్ఞతను "తెలుపుతారు", "చెల్లిస్తారు" కూడా. శిస్తును, అప్పును, మొక్కును చెల్లించినట్లే స్తోత్రాన్నీ చెల్లిస్తారు. ఈ వాడుక వెనుక ఉన్న ఋణభావన ఎక్కడి నుండి వచ్చింది, క్రైస్తవంలోకి వచ్చాక అది ఏమైంది అన్నవే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు.

2. కృతజ్ఞత: పదం, భావం

"కృతం" అంటే చేయబడినది, "జ్ఞత" అంటే ఎరిగి ఉండడం. చేసిన మేలును ఎరిగి ఉండడమే కృతజ్ఞత. దీనికి వ్యతిరేకం కృతఘ్నత. తక్కిన పాపాలకు నిష్కృతి ఉంది గానీ కృతఘ్నునికి లేదన్న భావన రామాయణ కిష్కింధకాండలో లక్ష్మణుని మాటల్లో కనిపిస్తుంది. దేవ, ఋషి, పితృ ఋణాల సిద్ధాంతం మనిషి పుట్టుకతోనే ఋణగ్రస్తుడని చెబుతుంది. నిత్యవ్యవహారంలో తెలుగువారు మేలును మాటతో తీర్చడానికి జంకుతారు. "మీ మేలు మరవను", "మీ ఋణం తీర్చుకోలేను" అంటారు. పెద్దలైతే "చల్లగా ఉండు" అని దీవిస్తారు. ధన్యవాదం చెప్పి లెక్క ముగించడం కంటే లెక్కను తెరిచి ఉంచడమే ఇక్కడి మర్యాద.

తెలుగులో బైబిలు అనువాదం మొదలుపెట్టినవారు ఈ భాషాప్రపంచంలోనే పదాలు వెతుక్కున్నారు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ బోధకులు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్‌లకు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు అనువాదంలో తోడ్పడ్డాడు. 1812లో శ్రీరాంపూరులో మూడు సువార్తలు అచ్చయ్యాయి. తరువాతి అనువాదాల్లో స్థిరపడిన "కృతజ్ఞతాస్తుతులు", "కృతజ్ఞతార్పణ", "ప్రథమఫలము", "స్తోత్రము" వంటి పదాలు సంస్కృత శాస్త్రభాష నుండి వచ్చినవే. విశేషమేమంటే, అక్షరానికీ శాస్త్రానికీ దూరంగా ఉంచబడిన వాడల్లోకి ఈ పదాలు ప్రార్థనల ద్వారా, కీర్తనల ద్వారా చేరాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల కీర్తనలు రాగతాళాలతో ఈ పదజాలాన్ని చదువురానివారి నోట నిలిపాయి. తెలుగు క్రైస్తవులు ఒకరినొకరు పలకరించుకునే "వందనాలు" అన్న మాట కూడా దేవునికి చెప్పే కృతజ్ఞతకూ తోటి మనిషికి చూపే గౌరవానికీ ఒకే పదమైంది.

3. ఊరి ఋణం, వాడ విశ్వాసం

క్రైస్తవం రాకముందు మాల, మాదిగ వాడలకు కృతజ్ఞత కొత్త విషయం కాదు. నిజానికి వారి నుండి నిత్యం అడిగినది అదే. పాలేరు తన ఆసామికి, వెట్టివాడు దొరకు "విశ్వాసంగా" ఉండాలి. ఉప్పు తిన్న విశ్వాసం, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం వంటి నుడికారాలు ఈ నీతికి అద్దం పడతాయి. పని చేసినందుకు ఇచ్చే గింజలు కూలిగా కాక దయగా చలామణీ అయ్యాయి. నిజాం తెలంగాణలోని భగేలా పద్ధతిలో తీసుకున్న అప్పుకు మనిషి తానే తాకట్టయ్యేవాడు. ఆ అప్పు తరతరాలకు సాగేది. ఇక్కడ ఋణం ఒక ఆధ్యాత్మిక భావన కాదు, కాలికి తగిలిన బంధం.

మానుష శాస్త్రవేత్త మార్సెల్ మౌస్ దానాన్ని గూర్చిన తన ప్రసిద్ధ వ్యాసంలో ప్రతి దానమూ తిరుగు దానాన్ని కోరుతుందని, తిరిగి ఇవ్వలేనివాడు తక్కువవాడిగా మిగిలిపోతాడని వాదించాడు. తెలుగు పల్లెలో వాడకు ఇచ్చే స్థానం ఉండేది కాదు. వాడ పుచ్చుకోవాలి, పుచ్చుకున్నందుకు తలవంచాలి. వాడ వండిన అన్నాన్ని ఊరు ముట్టదు కనుక, ఇవ్వాలన్నా పుచ్చుకునేవారు లేరు. అస్పృశ్యతకు ఉన్న ఈ పార్శ్వం చర్చలో తరచుగా మరుగున పడుతుంది. దానం చేసే హక్కు లేకపోవడం కూడా ఒక వెలియే.

ఒంగోలు ప్రాంతంలో మాదిగల మధ్య క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి అయిన ఆయన 1866లో బాప్తిస్మం పొందాడు. కొత్త క్రైస్తవులు ఆదివారం పని మానారు, గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టడానికి నిరాకరించారు, చచ్చిన పశువుల మాంసం తినడం విడిచిపెట్టారు. ఈ మూడింటినీ గ్రామ పెద్దలు తిరుగుబాటుగా చూశారు. పల్లెలపై ఒత్తిళ్ళు, శిక్షలు వచ్చాయి. ఊరి దృష్టిలో ఇది కృతఘ్నత. క్రైస్తవుల దృష్టిలో కృతజ్ఞత గమ్యం మారింది. తొలి సంఘర్షణను ఈ కోణంలో చూస్తే, అది కేవలం దేవుళ్ళ మార్పు కాదని, ఎవరికి ఋణపడి ఉన్నామన్న ప్రశ్నపై జరిగిన వివాదమని అర్థమవుతుంది.

4. కరవు, కాలువ, బాప్తిస్మం

కృతజ్ఞతను గూర్చిన ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైన సందర్భం 1876–78 నాటి మహాక్షామం. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) యౌవనంలో భూసర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వించే గుత్తను ప్రభుత్వం నుండి తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి అక్కడ దొరికింది భిక్ష కాదు, కూలి. తెలుగు బోధకులు పనిపై అజమాయిషీ చేశారు.

ఆ కాలంలో బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నా క్లౌ ఒక ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి పెట్టినందుకు కృతజ్ఞతగా మతం మారుతున్నారన్న మాట రాకూడదన్నది ఆయన ఆలోచన. సహాయ కార్యక్రమం ముగిశాకనే ద్వారం తెరిచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులే.

ఇంకా ఇచ్చేందుకు డబ్బు లేదని చెప్పినా వచ్చినవారు వెనుదిరగలేదని క్లౌ కథనం చెబుతుంది. తమ అరచేతుల్లోని బొబ్బలే తాము కష్టపడి తిన్నామనడానికి సాక్ష్యమని వారు అన్నారట. ఇది మిషనరీ రాసిన కథనం కనుక దానిని జాగ్రత్తగా చదవాలి. మిషనరీకి అనుకూలమైన జవాబును మిషనరీయే నమోదు చేశాడన్న ఆక్షేపణ సహేతుకమే. అయినా ఆ జవాబులోని తర్కం గమనింపదగినది. కూలికి చేసినవాడు కూలి ఇచ్చినవాడికి ఋణపడడు. ఋణం లేని మనిషి చెల్లించే స్తోత్రమే స్వేచ్ఛగా చెల్లించేది. "అన్నం కోసం చేరారు" అన్న ఆరోపణకు బాధితుల పక్షాన వినిపించే సమాధానం ఇదే. ఆ ఆరోపణలో దాగిన ఊహ మరొకటి ఉంది: పేదవాడి కృతజ్ఞత ఎప్పుడూ కడుపుకు సంబంధించినదే అయి ఉంటుందని. తరువాతి దశాబ్దాల ఆచరణ ఈ ఊహను ప్రశ్నించింది.

5. దోర్నకల్: పుచ్చుకునే చేయి ఇచ్చే చేయి కావడం

మిషన్ కేంద్రాలలో మరొక ప్రమాదం పొంచి ఉంది. పల్లెజనం మిషనరీని కూడా "దొర" అనే పిలిచారు. బడి, మందు, దావాలో సహాయం అన్నీ దొర బంగళా నుండి వచ్చినప్పుడు పాత విశ్వాసం కొత్త దొరకు బదిలీ కావడం సులభం. ఈ ప్రమాదాన్ని స్పష్టంగా గుర్తించినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) ముఖ్యుడు.

తమిళనాడులోని వెల్లాలన్‌విళైలో జన్మించిన అజరయ్య, 1903లో ఏర్పడిన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకడు. ఆ సంఘం పక్షాన 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగులో పరిచర్య చేశాడు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు ఉపకారం చేస్తున్నారే గానీ స్నేహం ఇవ్వడం లేదని నిర్మొహమాటంగా చెప్పాడు. ఉపకారం కృతజ్ఞులను తయారు చేస్తుంది, స్నేహం సమానులను తయారు చేస్తుంది అన్న భేదం ఆ ప్రసంగపు సారం నుండి గ్రహించవచ్చు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆయన పాలనలో దోర్నకల్ అధ్యక్ష మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు.

పేదలు ఇవ్వలేరు కనుక విదేశీ ధనంతో సంఘాన్ని నడపాలన్న అభిప్రాయాన్ని అజరయ్య అంగీకరించలేదు. క్రైస్తవ దానాన్ని గూర్చి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. సంఘ ఖర్చులకు నిధి కూర్చడం కంటే ముందుగా దానం ఆరాధన అన్నది ఆయన దృక్పథం. ఇచ్చే మొత్తం కంటే ఇచ్చే అలవాటుకు ప్రాధాన్యం. పుచ్చుకోవడమే తెలిసిన చేయికి ఇవ్వడం నేర్పితే ఆ మనిషి నిలబడే తీరే మారుతుందన్న నమ్మకం ఈ విధానంలో కనిపిస్తుంది.

6. పిడికెడు బియ్యం

ఈ దృక్పథానికి అత్యంత సహజమైన రూపం పిడికెడు బియ్యం. వంటకు బియ్యం గానీ జొన్నలు గానీ కొలిచి తీసుకున్న తరువాత, ఎసట్లో వేయకముందే గృహిణి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆ కుండను ఆదివారం గుడికి తెస్తుంది. దక్షిణ భారతంలోనూ ఇతర ప్రాంతాలలోనూ పలు సంఘాల్లో ఉన్న ఈ ఆచారం తెలుగు పల్లెల్లో బాగా వేళ్ళూనుకుంది.

దీని ఆర్థిక ఫలం చిన్నదేమీ కాదు. పిడికెడు సుమారు 30 గ్రాములనుకుని, రోజుకు రెండు పూటలు వంట జరుగుతుందనుకుంటే ఒక ఇంటి నుండి నెలకు 1.8 కిలోలు వస్తాయి. యాభై ఇళ్ళున్న పల్లెలో అది 90 కిలోలు. పల్లె బోధకుని కుటుంబానికి ఆసరా ఇవ్వడానికి అది చాలినంత. అయితే ఆచారపు అసలు బలం మూడు అంశాలలో ఉంది.

మొదటిది, ఇచ్చేది స్త్రీ. నగదు పురుషుని చేతిలో ఉండే కుటుంబంలో కూడా వంటకుండపై అధికారం ఆమెది. నాట్లలో, కలుపులో, కోతలో ఆమెకు అందే కూలి తరచుగా గింజల రూపంలోనే. అందులో నుండి ఎవరినీ అడగకుండా తీసి పెట్టగలిగిన భాగం అది. రెండవది, అర్పణ వంటకు ముందే జరుగుతుంది. మిగిలినది ఇవ్వడం కాదు, మొదటిది ఇవ్వడం. బైబిలులోని ప్రథమఫలాల భావన పొలం లేని కూలి ఇంటికి ఈ విధంగా అన్వయమైంది. మూడవది, ఊరు ముట్టని ఇంటి గింజ దేవుని సన్నిధిలో పవిత్రమైన అర్పణ అయింది. ఇచ్చే హక్కు లేని వెలికి ఇంతకంటే నిశ్శబ్దమైన జవాబు ఊహించడం కష్టం.

భోజనానికి ముందు చేసే ప్రార్థననూ ఈ సందర్భంలోనే చూడాలి. "అన్నదాత" అన్న బిరుదు దొరకు చెందే సమాజంలో, గంజి ముందు కళ్ళు మూసుకుని దానిని ఇచ్చినవాడు దేవుడని పైకి చెప్పడం రోజూ జరిగే ఒక చిన్న విముక్తి ప్రకటన.

7. కోతపండుగ

పంట ఇంటికి చేరే కాలంలో జరిగే కోతపండుగ ఏడాది పొడవునా సాగిన చిన్న అర్పణలకు సామూహిక రూపం. వరి కంకులు, జొన్న కంకులు, తొలి గుమ్మడికాయ, తీగకు కాసిన మొదటి సొరకాయ, కోడిగుడ్లు, కోళ్ళు, మేకపిల్లలు గుడిముందు చేరతాయి. ఆరాధన తరువాత వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవారు ఆ వస్తువును మళ్ళీ సంఘానికే ఇచ్చేయడం, ఒకే గుమ్మడికాయ రెండు మూడుసార్లు వేలానికి రావడం ఈ పండుగలోని పరిచిత దృశ్యం. వేలంలో ధర వస్తువు విలువకు కాక ఇచ్చేవారి ఉత్సాహానికి కొలమానమవుతుంది.

గ్రామదేవతల జాతరలలో ఊరేగింపు, డప్పు, మొక్కుబడి, సామూహిక భోజనం ఉండేవి. కోతపండుగ వాటిలో కొన్నింటిని తనలో కలుపుకుంది. అయితే మొక్కుకూ కృతజ్ఞతార్పణకూ మధ్య ఒక సూక్ష్మభేదం ఉంది. మొక్కు షరతుతో కూడినది: కోరిక తీరితే చెల్లించాలి, చెల్లించకపోతే కీడు. కృతజ్ఞతార్పణ జరిగిన మేలును గుర్తుచేసుకునేది. ఆచరణలో ఈ రెండూ తరచుగా కలిసిపోయినా, సంఘాల బోధ ఈ గీతను గీయడానికి ప్రయత్నించింది.

ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ప్రథమఫలాల విధి వర్ణన ఉంది. రైతు గంపలో తొలి పంటను తెచ్చి అర్పించేటప్పుడు తన పూర్వీకుల చరిత్రను పైకి చెప్పాలి. ఐగుప్తులో పడిన బానిసత్వం, కఠినమైన వెట్టి, విడుదల, నేల లభించడం అన్నీ చెప్పి, ఆ సంతోషంలో పరదేశికి కూడా పాలు పంచాలి. అంటే ఆ విధిలో కృతజ్ఞత అణచివేతను మరచిపోవడం కాదు, దానిని గుర్తుంచుకోవడం. వెట్టి అనుభవం ఉన్న తెలుగు పల్లెలకు ఈ పాఠం పరాయిది కాదు. లూకా సువార్తలో స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు సమరయుడు, అంటే పరాయివాడు. ఊరికి దూరంగా నిలబడవలసిన వారి కథగా ఇది వెలివాడలో మరింత దగ్గరగా వినిపించి ఉంటుంది.

8. కృతజ్ఞతా కూటం

ఇరవయ్యో శతాబ్దంలో చదువు, ఉద్యోగం, వలస పెరిగిన కొద్దీ కృతజ్ఞతాచరణ పొలం నుండి ఇంటికి మళ్ళింది. బిడ్డ పుట్టినప్పుడు, పరీక్షలో ఉత్తీర్ణత వచ్చినప్పుడు, జబ్బు నయమైనప్పుడు, ఉద్యోగం దొరికినప్పుడు, కొత్త ఇంట్లోకి వెళ్ళినప్పుడు కృతజ్ఞతా కూటం పెట్టడం తెలుగు క్రైస్తవ కుటుంబాలలో స్థిరమైన ఆచారం. కీర్తనలు, వాక్యం, సాక్ష్యం, భోజనం దాని అంగాలు. ఇందులో సాక్ష్యం ప్రత్యేకంగా పరిశీలించదగిన మౌఖిక రూపం. తన జీవితాన్ని తానే కథగా చెప్పుకునే అవకాశం, నలుగురు కూర్చుని వినే గౌరవం వాడలోని స్త్రీపురుషులకు అది కల్పించింది. కూటం చివరి భోజనంలో కులభేదం లేని పంక్తి ఒక ఆదర్శంగానైనా నిలిచింది. క్రైస్తవ ఆరాధనకు కేంద్రమైన ప్రభురాత్రి భోజనానికి గ్రీకు మూలంలో ఉన్న యూఖరిస్తు అనే పేరుకు అర్థం కృతజ్ఞత చెల్లించడమే. తెలుగు పేర్లలో ఆ అర్థం కనిపించకపోయినా, కృతజ్ఞతను పంచుకునే అన్నంతో ముడిపెట్టే భావం ఇంటి కూటంలో నిలిచింది.

9. పరిమితులు, విమర్శ

ఈ ఆచరణలను ఆదర్శీకరించడం చరిత్రకు న్యాయం కాదు. మూడు పరిమితులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి, ఉన్నదానికి కృతజ్ఞత చెల్లించమన్న బోధ లేనిదానిని అడగవద్దన్న బోధగా వంగే అవకాశం ఎప్పుడూ ఉంది. కూలి తక్కువైనా తృప్తిగా ఉండమని చెప్పే కృతజ్ఞత పాత విశ్వాసానికి మరో పేరే. రెండు, మేళ్ళను లెక్కించే సాక్ష్యం మేళ్ళు కలిగినవారికే వేదిక అవుతుంది. పరీక్ష తప్పినవారు, పంట పోయినవారు, జబ్బు నయంకానివారు ఆ కూటంలో శ్రోతలుగా మిగిలిపోతారు. మూడు, వేలం పాట, విందు కుటుంబ హోదా ప్రదర్శనగా మారడం.

గుర్రం జాషువా (1895–1971) తన గబ్బిలం (1941) కావ్యంలో అస్పృశ్యుని వేదనను గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి నివేదించాడు. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన కవి చేసిన ఈ నివేదన స్తోత్రం కాదు, ఫిర్యాదు. బైబిలు కీర్తనల గ్రంథంలో స్తుతి కీర్తనలతో పాటు విలాప కీర్తనలూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఫిర్యాదు కృతఘ్నత కాదని, వినేవాడున్నాడన్న నమ్మకం నుండే అది పుడుతుందని ఆ గ్రంథపు కూర్పే సూచిస్తుంది. విలాపానికి చోటివ్వని కృతజ్ఞత అసంపూర్ణం.

10. ముగింపు

పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

• తెలుగు పల్లెల్లో క్రైస్తవం కృతజ్ఞతను కొత్తగా నేర్పలేదు. అది ఎవరికి చెందుతుందన్న ప్రశ్నకు సమాధానాన్ని మార్చింది.

• 1876–78 క్షామకాలపు ఒంగోలు అనుభవం ఉపకారానికీ విశ్వాసానికీ మధ్య దూరం పాటించవలసిన అవసరాన్ని గుర్తించింది. దోర్నకల్ అనుభవం పేదలను దాతలుగా గుర్తించింది.

• పిడికెడు బియ్యం ఆర్థిక వనరుగా కంటే ఇచ్చే హక్కును, ముఖ్యంగా స్త్రీల ఇచ్చే హక్కును, స్థాపించిన ఆచారంగా ముఖ్యమైనది.

• కోతపండుగ, కృతజ్ఞతా కూటం స్థానిక పండుగల, మొక్కుబడుల రూపాలను స్వీకరిస్తూనే వాటి అర్థాన్ని మార్చడానికి ప్రయత్నించాయి.

• అణచివేత జ్ఞాపకాన్ని నిలుపుకున్నంతకాలం కృతజ్ఞత విముక్తికి తోడ్పడింది. ఆ జ్ఞాపకాన్ని విడిచిన చోట అది విధేయతగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది.

కృతజ్ఞత అన్న పదానికి మూలార్థం చేసినదానిని ఎరిగి ఉండడం. మేలును ఎరగడం ఎంత అవసరమో, ఆ మేలు అవసరమైన పరిస్థితిని ఎరగడమూ అంతే అవసరం. ఎసటికి ముందు పిడికెడు బియ్యం వేరుచేసిన స్త్రీకి తన కుండలో ఎంత ఉందో, ఎంత లేదో రెండూ తెలుసు. తెలిసే ఇచ్చింది. తెలుగు క్రైస్తవ చరిత్ర రచనలో ఆ తెలివికి తగిన స్థానం దక్కవలసి ఉంది.